92 వేల మైళ్లు తిరిగిన 2019 రావ్4 హైబ్రిడ్: కొనొచ్చా, మామూలు పెట్రోలుదే నయమా?

మంచులో_మనవాడు (డెట్రాయిట్): ఒక డీలర్ దగ్గర 2019 టొయోటా రావ్4 హైబ్రిడ్ (పెట్రోలు ఇంజన్‌తో పాటు బ్యాటరీ, కరెంటు మోటార్లు ఉండే రకం) చూశాను. 92 వేల మైళ్లు, ఒక్కరే ఓనర్. అదే ఏడాది పెట్రోలుదానికన్నా మూడు వేల డాలర్లు ఎక్కువ చెబుతున్నారు. ఆఫీసులో అందరూ "బ్యాటరీ పోతే గోవిందా" అంటున్నారు. మీరేమంటారు?

డల్లాస్_దోస్త్: వద్దు బ్రదర్. ఈపీఏ (మైలేజీ అంకెలిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) లెక్కలో హైబ్రిడ్‌కి గాలన్‌కు 40 మైళ్లు, పెట్రోలుదానికి 30 దాకా. ఏడాదికి 12 వేల మైళ్లు నడిపితే 100 గాలన్లు మిగులుతాయి. గాలన్ మూడున్నర వేసుకున్నా 350 డాలర్లు. ఎక్కువ పెట్టిన మూడు వేలు రావడానికి ఎనిమిదేళ్లు పైనే!

కారుపిచ్చోడు (న్యూజెర్సీ): దోస్త్ గారూ, అది సగటు లెక్క. ఊళ్లో సిగ్నళ్ల మధ్య తిరిగేవాళ్లకు హైబ్రిడ్ ఇచ్చే 41 ఎక్కడ, పెట్రోలుది ఇచ్చే 26 ఎక్కడ? పైగా హైబ్రిడ్ ఏది కొన్నా నాలుగు చక్రాల డ్రైవ్ వస్తుంది, పెట్రోలుదాంట్లో దానికి వేరే డబ్బు. హైబ్రిడ్‌లో స్టార్టర్ మోటారు, ఆల్టర్నేటర్ విడిగా ఉండవు. గేర్‌బాక్సుకి సీవీటీ (మామూలుగా బెల్టుతో నడిచే ఆటోమేటిక్ రకం) అని పేరే గానీ ఇందులో బెల్టు లేదు, అంతా గేర్లే. చెడిపోయే సామాను తక్కువ.

మనవాడు గారూ, మీరు భయపడాల్సింది బ్యాటరీకి కాదు, కేబుల్‌కి. వెనక చక్రాలను తిప్పే కరెంటు మోటారుకు వెళ్లే నారింజ రంగు హైవోల్టేజ్ కేబుల్ కనెక్టర్‌లోకి ఉప్పునీళ్లు చేరి తుప్పు పడుతుంది. ఈ మోడల్‌కి అది తెలిసిన జబ్బే. మీ డెట్రాయిట్‌లో మంచు కరగడానికి చలికాలమంతా రోడ్ల మీద ఉప్పే కదా! టొయోటా ఈ కేబుల్‌కి 8 ఏళ్లు లేదా లక్ష మైళ్ల దాకా కవరేజీ పెంచింది. 2019 బండి బ్యాటరీ వారంటీ కూడా అంతే. అంటే మైళ్ల లెక్కన మీకు మిగిలింది ఎనిమిది వేలే. అదే 2020 మోడల్ అయితే బ్యాటరీకి 10 ఏళ్లు, లక్షన్నర మైళ్లు. నేనైతే 2020దే వెతుకుతాను, అదీ రోడ్ల మీద ఉప్పు వేయని రాష్ట్రంలో తిరిగింది.

ఇద్దరుపిల్లల_అమ్మ: వెనక సీటు కింద, కాళ్లు పెట్టుకునే వైపు జాలీ ఉంటుంది అన్నయ్యా, బ్యాటరీకి చల్లగాలి అందులోంచే పోతుంది. మా బండిలో ఫిల్టర్ తీస్తే కారప్పూస పొడి, క్రేయాన్ ముక్కలు, కుక్క బొచ్చు! అది మూసుకుపోతే బ్యాటరీ వేడెక్కుతుంది. కొనేముందు ఆ ఫిల్టర్ బయటికి తీయించండి, పాత ఓనర్ బండిని ఎలా చూసుకున్నారో తెలిసిపోతుంది.

డల్లాస్_దోస్త్: అన్నీ బాగానే ఉన్నాయి గానీ, 2020ది అంటే ఇంకో రెండు వేలు ఎక్కువ అడుగుతారు. నా లెక్క ఇంకా గట్టిపడిందే తప్ప తగ్గలేదు.

మంచులో_మనవాడు: నాది ఊళ్లో తిరుగుడే ఎక్కువ దోస్త్ గారూ. డీలర్‌కి ఫోన్ చేశాను. బండిని లిఫ్ట్ ఎక్కించి, కనెక్టర్ విప్పి చూపించమంటే "మా పాలసీ కాదు" అన్నాడు. ఇంకో ఊళ్లో 2020ది ఉంది, శనివారం వెళ్తున్నా. ఫిల్టర్ తీయడానికి స్క్రూడ్రైవర్ కావాలా అక్కా?

ఇద్దరుపిల్లల_అమ్మ: అక్కర్లేదు, మూత చేత్తో లాగితే వచ్చేస్తుంది. టార్చి మాత్రం పట్టుకెళ్లండి.