ప్యాకెట్‌ను "వదిలేయడం" అంటే పోనిచ్చినట్టా, పారేసినట్టా?

ప్రశ్న: ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఫైర్‌వాల్ కోసం కెర్నెల్‌ను (సిస్టమ్ మూలభాగాన్ని) కాన్ఫిగర్ చేసే పద్ధతిని కొత్తవారి కోసం తెలుగులో రాస్తున్నాను. 'డ్రాప్' అనే మాటకు తెలుగుగా, "ఏ నియమానికీ సరిపోలని ప్యాకెట్‌ను ఐపీఎఫ్‌డబ్ల్యూ చివరికి వదిలేస్తుంది" అని రాస్తే (ప్యాకెట్ అంటే నెట్‌వర్క్‌లో పంపే డేటా ముక్క, ఐపీఎఫ్‌డబ్ల్యూ అంటే ఫ్రీబీఎస్‌డీలోని ఒక ఫైర్‌వాల్), చదివిన మిత్రులొకరు అర్థం తిరగబడిందన్నారు. సభ్యుల అభిప్రాయం కోరుతున్నాను.

జవాబు: మీ మిత్రులు అన్నది నిజమేనండీ. చెక్‌పోస్టు దగ్గర లారీని వదిలేశారంటే పోనిచ్చారనే అర్థం. శ్రీశైలం గేట్లెత్తి నీళ్లు వదిలారన్నా అంతే. "ఆ సంగతి వదిలేయండి" అన్నప్పుడు పట్టించుకోకపోవడం అనే అర్థం వస్తుంది గానీ, ఫైర్‌వాల్ చేసే పనే రాకపోకలను అడ్డుకోవడం, పోనివ్వడం కాబట్టి, అక్కడ పాఠకుడికి ముందుగా తట్టేది మొదటి అర్థమే.

దాని ఫలితం ఎంతదాకా పోతుందో చూడండి. 'జెనరిక్' అనే కాన్ఫిగరేషన్ ఫైలుకు నకలు తీసి, అందులో 'ఆప్షన్స్ ఐపీఫైర్‌వాల్' అనే వరుస చేర్చి, కెర్నెల్‌ను బిల్డ్ చేసి, ఇన్‌స్టాల్ చేసి, రీబూట్ చేసేసరికి, మనం ఒక్క నియమమూ రాయకపోయినా 65535 నంబరు గల చివరి నియమం సిద్ధంగా ఉంటుంది. ఎక్కడి నుంచి ఎక్కడికి పోయే ప్యాకెట్‌నైనా అది అడ్డుకుంటుంది. మీ వాక్యాన్ని 'పోనిస్తుంది' అని అర్థం చేసుకున్నవారు, ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీదుగా లాగిన్ అయ్యే పద్ధతి) ద్వారా దూరంలోని సర్వర్‌పై ఈ పని చేశారంటే, ఆ యంత్రాన్ని నేరుగా నడిపే కన్సోల్ అందుబాటులో ఉంటే తప్ప మళ్లీ లోపలికి వెళ్లలేరు. నేర్చుకునే దశలో, ఆ చివరి నియమాన్ని పోనిచ్చేదిగా మార్చే 'ఐపీఫైర్‌వాల్ డిఫాల్ట్ టు యాక్సెప్ట్' అనే ఆప్షన్‌ను (పదాల మధ్య అండర్‌స్కోర్లతో) కూడా చేర్చమని అదే పేరాలో చెప్పండి. నియమాలన్నీ సరిచూసుకున్నాక తీసేయవచ్చు. కెర్నెల్‌ను బిల్డ్ చేయకుండా ఐపీఎఫ్‌డబ్ల్యూను మాడ్యూల్‌గా (విడి భాగంగా) ఎక్కించుకున్నా ఆ చివరి నియమం మామూలుగా అడ్డుకునేదే కనుక, ఆ సంగతీ ఒక ముక్క రాయండి.

'డ్రాప్'కు నా ఓటు 'పారేయు'కే. ఐపీఎఫ్‌డబ్ల్యూలో 'డినై', 'డ్రాప్' రెండూ ఒకటే: పంపినవారికి ఏ కబురూ చేయకుండా ప్యాకెట్‌ను పారేస్తాయి, అవతలి ప్రోగ్రాం గడువు తీరేదాకా ఎదురుచూస్తూనే ఉంటుంది. 'తిరస్కరించు'ను 'అన్‌రీచ్', 'రీసెట్'ల కోసం అట్టిపెట్టుకోవాలి. దరఖాస్తును తిరస్కరించారంటే ఆ సంగతి మనకు తెలియజేశారనే కదా అనుకుంటాం. అలాగే 'అన్‌రీచ్' ఐసీఎంపీ (నెట్‌వర్క్ లోపాలను తెలిపే పద్ధతి) సందేశంతోనూ, 'రీసెట్' కనెక్షన్‌ను తెంచే టీసీపీ రీసెట్ సంకేతంతోనూ, కాదన్న సంగతిని పంపినవారికి తెలుపుతాయి.

మరొక జవాబు: 'పారేయు' కాస్త మోటుగా ఉందనిపించి, 'నిలిపివేయు' కుదురుతుందేమోనని ఆలోచించాను. కుదరదు. రైలును నిలిపివేశారంటే కాసేపటికి కదులుతుందని ఎదురుచూస్తాం, కానీ ఫైర్‌వాల్ పారేసిన ప్యాకెట్ ఏ వరుసలోనూ మిగిలి ఉండదు, కావాలంటే పంపినవారే మరోసారి పంపాలి. 'విడిచిపెట్టు'లోనూ 'వదిలేయు'లో ఉన్న చిక్కే ఉంది. గ్రంథస్థం చేసేటప్పుడు 'పారవేయు' అంటే మోటుదనం కూడా తగ్గుతుంది కనుక, మీ వాక్యాన్ని ఇలా మార్చవచ్చు: "ఏ నియమానికీ సరిపోలని ప్యాకెట్‌ను ఐపీఎఫ్‌డబ్ల్యూ, పంపినవారికి తెలియజేయకుండానే, పారవేస్తుంది."