పురుళ్ల మీద ఇన్ని పరిశోధనలు జరిగినా ఈజిప్టులో సిజేరియన్లు ఎందుకు తగ్గలేదు?

గోదారిగట్టు:
2014 సర్వేలోనే ఈజిప్టులో సగానికి పైగా కాన్పులు ఆపరేషన్లే, 2021కి నూటికి 72 అయ్యాయి. బీరూట్ అమెరికన్ యూనివర్సిటీ వాళ్లు ఈజిప్టు, సిరియా, పాలస్తీనా వాళ్లతో కలిసి 2000ల మొదట్లోనే దీని మీద పని మొదలుపెట్టారు. కైరోలో ఓ పెద్దాసుపత్రిలో దగ్గరుండి చూసి, మామూలు కాన్పుల్లో అక్కర్లేనివి రోజూ చేస్తున్నారు, చెయ్యాల్సినవి వదిలేస్తున్నారు అని రాశారు. రాసి ఏం ఒరిగింది? కాగితాల పని తప్ప!

మస్కట్ నర్సు:
కోతలు పెరిగింది పరిశోధన వల్లా అన్నా? అక్కడ ఎక్కువమంది వెళ్లేది ప్రైవేటుకి, ఆపరేషన్లు ఎక్కువా అక్కడే. నొప్పులు పడేటప్పుడు పక్కన తోడు మనిషి ఉంటే మామూలు కాన్పులు పెరుగుతాయని, సిజేరియన్లు తగ్గుతాయని 17 దేశాల్లో 15,000 మందికి పైగా ఆడవాళ్ల మీద చేసిన అధ్యయనాలన్నీ కలిపి 2017లో తేల్చారు. మందు కాదు, మిషను కాదు, అమ్మో అక్కో ఉంటే చాలు.

గోదారిగట్టు:
ఒకే హాల్లో వరసగా మంచాలుంటే బయటివాళ్లని ఎలా రానిస్తారమ్మా?

మస్కట్ నర్సు:
మొగుణ్ణి రానివ్వరు, నిజమే. అమ్మని రానివ్వడానికేం? మధ్యలో ఒక కర్టెన్ కట్టాలి, అంతే. మా వార్డులోనూ మొదట్లో అందరూ టెన్షన్ పడ్డారు, గొడవ చేస్తారేమోనని. తీరా చూస్తే మంచినీళ్లు పట్టేది, నడుం రాసేది వాళ్లే, మాకే పని తగ్గింది.

లెక్కలమాస్టారు:
సిరియాలో డమాస్కస్ సంగతి చెప్తా వినండి. 876 మంది బాలింతల్ని మూడు గుంపులు చేసి, ఒక గుంపు ఇళ్లకి మిడ్‌వైఫ్‌లు నాలుగుసార్లు, ఇంకో గుంపుకి ఒక్కసారి వెళ్లారు, మూడో గుంపు జోలికి పోలేదు. ఉత్త తల్లిపాలే పట్టినవాళ్లు మూడో గుంపులో 20 శాతం, మిగతా రెంటిలోనూ 30కి అటూ ఇటూ. మిగతా ఆరోగ్య విషయాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు.

గోదారిగట్టు:
చూశారా, మీరే ఒప్పుకున్నారు!

లెక్కలమాస్టారు:
ఆగండి బాబూ. నాలుగుసార్లు వెళ్లినా ఒక్కసారి వెళ్లినా పాల విషయంలో ఫలితం ఒకటే అని తెలిశాక ఆ మూడు ట్రిప్పులూ మిగిలినట్టే కదా, అసలే మిడ్‌వైఫ్‌లు చాలని చోట. అయినా ఈజిప్టుని అనే ముందు తెలంగాణ చూడండి, 2019-21 జాతీయ సర్వేలో సిజేరియన్లు నూటికి 60 దాటాయి.

గోదారిగట్టు:
సరే, ఆ లెక్క ఒప్పుకుంటా. కానీ ప్రైవేటు డాక్టరు కత్తి పక్కన పెట్టడానికి ఏ అధ్యయనం పనికొస్తుందో అది చెప్పండి.

మస్కట్ నర్సు:
అది పరిశోధకుల్ని కాదు, ఫీజులు ఖరారు చేసేవాళ్లని అడగాలి అన్నా.