బాగుచేసిన ఎస్‌ఎంపీఎస్ కీచుమంటోంది, ఎక్కడి నుంచో ఎలా పట్టుకోవాలి?

సూర్యాపేట శ్రీను:
అందరికీ నమస్కారం. మా చెల్లి పోటీ పరీక్షలకు చదువుకునే కంప్యూటర్ నెల కిందట ఆగిపోయింది. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే డబ్బా) మూత తీసి చూస్తే అవుట్‌పుట్ వైపు నాలుగు కెపాసిటర్లు (కరెంటును కాసేపు నిల్వ ఉంచేవి) పైన ఉబ్బి ఉన్నాయి, ఒకటి కారింది కూడా. నాలుగూ నేనే మార్చాను. 12 వోల్టుల లైనుకు 1000 మైక్రోఫారడ్ 16 వోల్టులవి రెండు, 5 వోల్టుల లైనుకు 2200 మైక్రో 10 వోల్టులవి రెండు. కంప్యూటర్ ఆన్ అయింది, బాగానే నడుస్తోంది. కానీ అప్పట్నుంచి సన్నగా కీచుమనే శబ్దం. పగలు అంతగా తెలియదు, రాత్రి చదువుకునేటప్పుడు చెవిలో గుచ్చుకుంటోందట. ఎస్‌ఎంపీఎస్ పాతది, 450 వాట్లు, సుమారు పదేళ్లు ఉంటుంది. ఏం చూడాలి?

బ్లూస్క్రీన్:
నాదీ ఇదే సమస్య. ఫాలో అవుతున్నా.

కోఠి కుర్రాడు:
కాయిల్ శబ్దం అన్నా అది. అవుట్‌పుట్ దగ్గర గారె ఆకారంలో పసుపు రంగు చోక్ (తీగ చుట్టిన కాయిల్) ఉంటుంది, దాని చుట్టలు వదులైతే అలాగే కూస్తుంది. ఆరల్డైట్ వేసి రాత్రంతా ఆరనివ్వండి, పోతుంది. నేను రెండింటికి అలాగే చేశాను.

పద్మ, పాలిటెక్నిక్:
దయచేసి ఇప్పుడే ఏమీ అంటించకండి. ఇలాంటి సప్లైలు చాలావరకు సెకనుకు 30 వేల నుంచి లక్ష సార్ల దాకా స్విచ్ అవుతాయి. మన చెవికి 20 వేల పైన వినపడదు. అంటే సప్లై సరిగ్గా పనిచేస్తున్నప్పుడు ఆ స్విచింగ్ మనకు వినిపించకూడదు. వినిపిస్తోందంటే అది మధ్యమధ్యలో ఆగి మళ్లీ మొదలవుతోందన్నా అనుకోవాలి, ఫీడ్‌బ్యాక్, అంటే అవుట్‌పుట్‌ను చూసుకుంటూ సరిచేసే ఏర్పాటు, ఊగిసలాడుతోందన్నా అనుకోవాలి. కూసేది చోకే కావచ్చు, దాన్ని కూయిస్తున్నది మాత్రం ఇంకోటి కావచ్చు. జిగురు వేస్తే శబ్దం ఆగుతుంది, తప్పు లోపలే ఉండిపోతుంది.

శ్రీను గారూ, ముందు ఒక్కటి చెప్పండి. కంప్యూటర్ షట్‌డౌన్ చేసి, గోడ దగ్గర స్విచ్ మాత్రం ఆన్‌లో ఉంచితే శబ్దం ఉందా?

సూర్యాపేట శ్రీను:
ఇప్పుడే చూశాను మేడమ్. షట్‌డౌన్ చేశాక కీచు ఆగింది, కానీ ఇంకో శబ్దం ఉంది. టిక్ టిక్ టిక్ అని చాలా వేగంగా, గోడ గడియారం పరుగెత్తుతున్నట్టు. ఇన్నాళ్లూ దీన్ని గమనించనే లేదు. గోడ స్విచ్ ఆపితే రెండు మూడు సెకన్లలో అదీ ఆగిపోతోంది.

పద్మ, పాలిటెక్నిక్:
అయితే మీకు ఉన్నవి రెండు శబ్దాలు. విడివిడిగా చూద్దాం. షట్‌డౌన్‌లో పనిచేసేది స్టాండ్‌బై భాగం ఒక్కటే, చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నది. 24 పిన్నుల కనెక్టర్‌లో ఊదా రంగు వైరు దానిదే, 9వ పిన్ను. నలుపు వైరుకూ దానికీ మధ్య ఎంత ఉందో కొలవండి. 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి.

తెనాలి మెకానిక్:
బాబూ, కొలిచే ముందే మదర్‌బోర్డు నుంచి కనెక్టర్ పీకెయ్. ఇది మాత్రం మర్చిపోవద్దు.

పాత ఎస్‌ఎంపీఎస్‌లు కొన్నింటిలో స్టాండ్‌బై భాగం చాలా సాదాగా ఉంటుంది, రెండు ట్రాన్సిస్టర్ల మీద నడుస్తుంది. అందులో కరెంటు వచ్చే వైపు ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది, 10 నుంచి 47 మైక్రో దాకా, 50 వోల్టులది, చిటికెన వేలి గోరంత. వేడెక్కే రెసిస్టర్ పక్కనే దాన్ని పెడతారు. ఏళ్ల తరబడి ఆ వేడికి లోపల ఎండిపోతుంది. పైకి ఉబ్బదు, కారదు, చూస్తే కొత్తదానిలాగే ఉంటుంది. అది ఎండిన కొద్దీ సర్క్యూట్‌కు అవుట్‌పుట్ తగ్గినట్టు కనపడుతుంది, ఇంకా ఇంకా పెంచుతుంది. 5 కాస్తా 6, 7 దాటి పోతుంది. కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా ఆ లైను బోర్డు మీద బతికే ఉంటుంది కాబట్టి ముందు పోయేది బోర్డే. ఒక మెడికల్ షాపు అతని బోర్డు నా చేతుల్లోనే అలా పోయింది. ఉబ్బినవి మార్చి ఇచ్చాను, దీన్ని చూడలేదు. పది రోజులకు తిరిగొచ్చాడు. బోర్డు డబ్బులు నేనే ఇచ్చాను. అప్పటినుంచి ఉబ్బినా ఉబ్బకపోయినా దాన్ని మార్చకుండా మూత వేయను.

సూర్యాపేట శ్రీను:
కనెక్టర్ తీసే కొలిచాను. ఊదా వైరు మీద 5.71 వోల్టులు. చాలా టెన్షన్‌గా ఉంది, చెల్లి నోట్సన్నీ ఆ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. మూడు వారాలుగా రోజంతా వాడుతోంది.

పద్మ, పాలిటెక్నిక్:
హార్డ్‌డిస్క్ పవర్ దీని మీద నడవదు, అది మామూలు 5, 12 వోల్టుల లైన్ల మీద ఉంటుంది. బోర్డు ఇంకా పనిచేస్తోంది కదా, సమయానికే చూశారు. ఇది సరిచేసేదాకా మాత్రం తగిలించకండి. తెనాలి బాబాయ్ గారు చెప్పిన చిన్నదాన్ని వెతకండి.

ఈసారి మీరు చేయి పెట్టేది 230 వోల్టుల వైపు, మొన్నటిలాంటి పని కాదు. పెద్ద కెపాసిటర్లలో 320 వోల్టుల దాకా డీసీ ఉంటుంది. ప్లగ్ పీకాక మల్టీమీటర్ 1000 వోల్టుల డీసీ రేంజిలో పెట్టి వాటి కాళ్ల మధ్య కొలవండి. ఇంకా మిగిలి ఉంటే పాతకాలం ఫిలమెంట్ బల్బు హోల్డర్‌కు ఇన్సులేషన్ బాగున్న వైర్లు కట్టి ఆ కాళ్లకు తాకించండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయకండి, నిప్పురవ్వ కంట్లో పడితే ప్రమాదం. తర్వాత మళ్లీ కొలిచి, 10 వోల్టుల లోపు చూశాకే చేయి పెట్టండి.

కోఠి కుర్రాడు:
నాకు ఇదంతా తెలియదు మేడమ్. నేను జిగురు వేసినవాటిలో ఒకటి మా మామయ్య ఇంట్లో ఉంది. ఈ ఆదివారం వెళ్లి ఊదా వైరు కొలుస్తాను.

న్యూజెర్సీ తెలుగువాడు:
ఇందులో నా అనుభవం కొంచెం వేరు. మా అబ్బాయి కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్‌కు నేను ఇంకా మంచివి వేద్దామనుకుని పాతవాటి బదులు సాలిడ్ పాలిమర్ కెపాసిటర్లు వేశాను. అప్పటిదాకా లేని కూత మొదలైంది. అవి నాణ్యమైనవే. కానీ పాత డిజైన్‌లో ఫీడ్‌బ్యాక్ లెక్కంతా మామూలు ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ లోపల ఉండే ఆ కాస్త రెసిస్టెన్స్‌ను, అంటే ఈఎస్‌ఆర్‌ను నమ్ముకుని కట్టారు. అది దాదాపు సున్నా అయ్యేసరికి కంట్రోల్ నిలకడ తప్పింది. మళ్లీ 105 డిగ్రీల లో-ఈఎస్‌ఆర్ ఎలక్ట్రోలిటిక్‌లే వేస్తే ఆగింది. శ్రీను గారూ, మీరు వేసిన నాలుగూ ఏ రకానివి?

సూర్యాపేట శ్రీను:
పాలిమర్ కాదండీ, మామూలువే. ఒంటి మీద 85 డిగ్రీలు అని ఉంది. షాపులో అడిగితే విలువ, వోల్టులు కలిస్తే చాలన్నారు.

తెనాలి మెకానిక్:
చాలదు. 85 డిగ్రీల మామూలు రకం ఆంప్లిఫైయర్‌లో, 50 సైకిళ్ల ఫిల్టర్‌లో బాగుంటుంది. ఎస్‌ఎంపీఎస్‌లో అంత వేగంగా వచ్చే రిపుల్‌ను, అంటే డీసీలో మిగిలే ఎత్తుపల్లాలను, మింగలేదు, తనే వేడెక్కుతుంది. ఆరు నెలల్లో మళ్లీ ఉబ్బుతాయి. నీ కీచు శబ్దం వాటి పనే అయి ఉండొచ్చు.

పద్మ, పాలిటెక్నిక్:
అనుకోవడం ఎందుకు, రిపుల్ చూద్దాం. కంప్యూటర్ సప్లైలకు ఉన్న ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం 12 వోల్టుల మీద 120 మిల్లీవోల్టులు, 5, 3.3 మీద 50 మిల్లీవోల్టులు దాటకూడదు, పై అంచు నుంచి కింది అంచు దాకా. డీఎస్‌ఓ138 అనే చిన్న ఆసిలోస్కోప్ కిట్ ఉంటే అవుట్‌పుట్ వైపు చూడటానికి సరిపోతుంది. బ్యాటరీ మీద నడపండి. కరెంటు వచ్చే వైపు మాత్రం ఏ స్కోప్ క్లిప్పూ తగిలించకండి. మల్టీమీటర్ ఏసీ రేంజిని కూడా ఇందుకు నమ్మకండి. చవక మీటర్లు ఇంత వేగాన్ని సరిగా చదవలేవు, కొన్ని డీసీని కూడా కలిపి చూపిస్తాయి.

లోడ్, అంటే కరెంటు లాగేది ఏదీ, లేకుండా కొలిస్తే ఏమీ తేలదు. 12 వోల్టులకు బైకు హెడ్‌లైట్ బల్బు, 35 వాట్లది, పెడితే 3 ఆంపియర్ల దాకా లాగుతుంది. 5 వోల్టులకు 10 ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్లు మూడు పక్కపక్కనే కలపండి, కాలుతాయి, ముట్టుకోకండి. చల్లగా ఉన్న బల్బు మొదటి క్షణంలో చాలా కరెంటు లాగుతుంది కాబట్టి సప్లై ట్రిప్ అయితే కంగారుపడకండి, ఇంకోసారి ప్రయత్నించండి. ఆకుపచ్చ వైరును నలుపుతో కలిపితే సప్లై ఆన్ అవుతుంది.

శబ్దం ఎక్కడిదో పట్టడానికి చార్టు పేపర్‌ను మూరెడు గొట్టంలా చుట్టి ఒక చివర చెవి దగ్గర, ఇంకో చివర బోర్డుకు జానెడు పైన పెట్టి వినండి. కర్రతో నొక్కి చూడమని కొందరు చెబుతారు, ఆన్‌లో ఉన్న సప్లై మీద నేను అది చేయనివ్వను.

బ్లూస్క్రీన్:
మేడమ్ చెప్పిన గొట్టంతో విన్నాను. నాది ఫ్యాన్. మూత వేసేటప్పుడు లోపలి వైర్ల కట్ట జారి రెక్కకు తగులుతోంది. ట్యాగ్‌తో వెనక్కి కట్టేశాను, శబ్దం లేదు. ధన్యవాదాలు.

సూర్యాపేట శ్రీను:
ఆలస్యంగా రాస్తున్నాను, సామాన్ల కోసం హైదరాబాద్ వెళ్లి రావాల్సి వచ్చింది. కోఠి గుజరాతీ గల్లీలో 105 డిగ్రీల లో-ఈఎస్‌ఆర్ అని గట్టిగా అడిగి తెచ్చుకున్నాను.

ముందు ఆ చిన్నది. బాబాయ్ గారు చెప్పినట్టే ఉంది, లావుపాటి రెసిస్టర్‌కు ఆనుకుని, 22 మైక్రో 50 వోల్టులు. ఉబ్బు లేదు, మరక లేదు. తీసి కాంపొనెంట్ టెస్టర్‌లో పెడితే 3 మైక్రో కూడా లేదు, ఈఎస్‌ఆర్ 19 ఓమ్‌లు. కొత్తది వేశాను. ఊదా వైరు మీద 5.08. టిక్ టిక్ పూర్తిగా పోయింది. గోడ స్విచ్ వేసి చాలాసేపు అలా వింటూ కూర్చున్నాను.

కీచు మాత్రం అలాగే ఉంది. గొట్టంతో వింటే గారె చోక్ దగ్గరే గట్టిగా వినిపించింది. మా పక్కూరి ఐటీఐ సార్ దగ్గర ఆ చిన్న స్కోప్ దొరికింది. బల్బు, రెసిస్టర్లు పెట్టి చూస్తే 12 మీద 210 మిల్లీవోల్టులు, 5 మీద 95. నా 85 డిగ్రీలవి నాలుగూ తీసి కొత్తవి వేశాక 12 మీద 60, 5 మీద 30. కీచు చాలావరకు తగ్గింది. లోడ్ ఉంటే వినపడదు, లోడ్ తీసేస్తే చోక్ దగ్గర సన్నగా ఉంది.

పద్మ, పాలిటెక్నిక్:
చాలా సంతోషం. లోడ్ లేనప్పుడు ఆ కాస్త కూత చాలా సప్లైలలో ఉండేదే, కంప్యూటర్‌కు తగిలించాక లోడ్ ఉండనే ఉంటుంది. ఇంకా ఇబ్బందిగా ఉంటే ఇప్పుడు జిగురు వేయొచ్చు, కోఠి తమ్ముడు చెప్పిన పని ఇక్కడ సరైనదే. చోక్‌కూ బోర్డుకూ మధ్య న్యూట్రల్ రకం సిలికాన్ వేయండి. వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు, రాగిని తినేస్తుంది.

గుడివాడ గోపి:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా ఎస్‌ఎంపీఎస్ కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి వెళ్లినప్పుడు మాత్రమే బుయ్యిమంటుంది. ఇదీ కెపాసిటరేనా?

తెనాలి మెకానిక్:
నీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టరా? అయితే ఎస్‌ఎంపీఎస్ తప్పు కాదు. అలల్లా నునుపుగా రావాల్సిన కరెంటు మెట్లు మెట్లుగా వస్తుంది, ఇన్‌పుట్ దగ్గర ఉన్న ఇనుప చోక్ దానికి మోగుతుంది. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ మీద పెట్టి చూడు, ఆగిపోతే అంతే.

కోఠి కుర్రాడు:
మామయ్య ఇంటికి వెళ్లొచ్చాను. ఊదా వైరు 5.48. కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసేసి వచ్చాను. తెనాలి బాబాయ్ గారూ, బోర్డు మీద 47 మైక్రో 50 వోల్టులది ఒకటి, 10 మైక్రోది ఒకటి ఉన్నాయి. ఏది మార్చాలి?

తెనాలి మెకానిక్:
రెండూ మార్చు బాబూ. గీత ఉన్న వైపు మైనస్, పాతది తీసేముందు ఫోన్‌లో ఫొటో తీసుకో. ఆన్ చేసేటప్పుడు మొదటిసారి 60 వాట్ల ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో, అంటే కరెంటు బల్బు గుండానే ఎస్‌ఎంపీఎస్‌కు వెళ్లేలా, పెట్టి చెయ్. ఒక్కసారి వెలిగి ఆరిపోతే మంచిదే. వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపేసి ఇక్కడ రాయి.

సూర్యాపేట శ్రీను:
నాలుగు గంటలు కంప్యూటర్‌కు తగిలించి నడిపాక మళ్లీ కొలిచాను. ఊదా 5.07, పసుపు 12.04, ఎరుపు 5.02. చెల్లి రాత్రి పదకొండు దాకా చదివింది, శబ్దం రాలేదంది. బాబాయ్ గారూ, మేడమ్, మీ ఇద్దరికీ చాలా థాంక్స్.