చూడని రాగిరేకును ఫుట్‌నోట్‌లో వేయొచ్చా?

గాలిగోపురం:
తిరుపతిలో పీహెచ్‌డీ చేస్తా ఉన్నా. అన్నమయ్య 32 వేల సంకీర్తనలు చెప్పినాడని రాసి, కింద 'తాళ్లపాక రాగిరేకులు' (ఆయన సంకీర్తనలు చెక్కిన రేకులు) అని ఫుట్‌నోట్ వేసినా. మా గైడు ఎర్రసిరాతో చుట్టి, "రేకులో ఆ లెక్క నీ కంటితో చూసినావా?" అన్నారు. చూడలే. ఏదో వ్యాసంలో అట్లే ఉంటే ఎత్తుకున్నా. ఆ వ్యాసం పేరు వేస్తే థీసిస్ పల్చగా కనపడదా? అందరూ చేసేది ఇట్లే కదా?

కపిలతీర్థం:
మీ గైడుకు పనిలేదు. 32 వేలని ఇక్కడ ఆటో అన్నను అడిగినా చెప్తాడు, దానికి ఆధారం ఎందుకబ్బా? యూజీసీ 2018 నిబంధనల్లో వేరేవాళ్ల రాతతో పోలిక 10 శాతం లోపలుంటే శిక్షే లేదు. ఆ గండం దాటు, చాలు.

చిత్తూరు పంతులు:
ఆ 10 శాతం మాటల పోలికకు. చూడనిదాన్ని చూసినట్టు వేసిన ఫుట్‌నోట్‌ను సాఫ్ట్‌వేర్ పట్టదు. గైడు పట్టినాడంటే నీ అదృష్టం నాయనా. మొదటి రేకులో ఉండేది వేరు: క్రోధి (1424) మొదలు దుందుభి (1503) దాకా విన్నపం చేసిన సంకీర్తనలని. 32 వేల లెక్క మనవడు చిన్నన్న ద్విపదలోది. ఆ వ్యాసం రాసినాయన తప్పేసినాడు, దాన్ని నువ్వు నీ పేరు మీద రాయించుకున్నావు. దొరికినవి అందులో సగం కూడా లేవు, ఆ సంగతీ రాయాల.

ఇట్లాంటిదే తిరుమల గుడిలోని సామవై రాణి శాసనం చూడు. అందులో ఉండేది రాజు ఏలుబడిలో ఎన్నో ఏడు అన్నదే. దాన్ని కొందరు 966 అన్నారు, కొందరు 614 అన్నారు. మూడు వందల యాభై ఏండ్ల తేడా! శాసనాన్నే చూపించి '966' అని రాస్తే, ఆ లెక్క కట్టిన పండితుడు మాయమైపోతాడు, తగువూ మాయమైపోతుంది.

కపిలతీర్థం:
అయితే ప్రతిదానికీ కొండెక్కాల్నా సామీ? మనల్ని ఎవరు చూడనిస్తారు?

చిత్తూరు పంతులు:
అక్కర్లేదు. దేవస్థానం శాసనాలు 1930లలోనే ఆరు సంపుటాలుగా అచ్చయినాయి. సంపుటం, శాసనం సంఖ్య వేస్తే సరి. అదీ దొరక్కపోతే 'ఫలానా వ్యాసంలో ఉదహరించినది' అని ఉన్నదున్నట్టు రాయి.

రేణిగుంట జంక్షన్:
అట్ల రాస్తే ఎగ్జామినర్ సోమరి అంటాడు మాస్టారూ. నన్ను వైవాలో అన్నారు.

చిత్తూరు పంతులు:
ఎన్నిసార్లు రాసినావు?

రేణిగుంట జంక్షన్:
ముప్పై.

చిత్తూరు పంతులు:
మరి ఏమనాల?

గాలిగోపురం:
రాత్రి కూర్చోని మూడో అధ్యాయం తిరగేసినా. ఫుట్‌నోట్లు 46. నా కంటితో చూసినవి 11.