అమ్మబోయే పాత ఇంటికి ఆరు లక్షలు పెట్టాలా?

రామగిరి_వాసి: నల్లగొండలో మాది 1996లో కట్టిన స్లాబు ఇల్లు, 180 గజాలు. ఈ ఏడాది అమ్ముదామనుకుంటున్నాం. ముందు షాబాద్ బండల నేలకు గ్రానైట్ వేయించి, సీలింగ్ చేయిస్తే రేటు పెరుగుతుందని మా తమ్ముడు అంటున్నాడు. ఆరు లక్షలూ నేనే పెట్టాలి. తిరిగి వస్తాయా?

గజం_లెక్క: రావు. పాత ఇంటికి ఎవరైనా గజం రేటే కడతారు, కొన్నాక కూలగొట్టి కట్టుకుంటారు. బ్యాంకు ఇంజినీరు కూడా ఇంటి వయసు చూసి కట్టడం విలువ తగ్గించే రాస్తాడు.

పాలమూరు_మేస్త్రీ: అందరూ కూలగొట్టరన్నా. ఉద్యోగస్తులు సామాన్లతో దిగిపోయే ఇల్లు చూస్తారు. కానీ బండలు తీసే గ్రానైట్ వేయాలి. వాటి మీదనే పరిస్తే నేల రెండంగుళాలు లేస్తుంది, గడప మునుగుతుంది, తలుపులన్నీ అడుగున కోయాలి.

గజం_లెక్క: గడప సంగతి ఎవరడిగారు? పైసల సంగతి చెప్పు.

పాలమూరు_మేస్త్రీ: మునిగిన గడప చూడగానే బేరం తగ్గిస్తారు. అదే పైసల సంగతి.

మెట్టుగడ్డ_87: మేము అట్లా మెరిసే ఇల్లే కొన్నాం. మొదటి వానకే సీలింగ్ మీద టీ ఒలికినట్టు మచ్చ. విప్పితే స్లాబు పెచ్చులూడి, చువ్వలు తుప్పు పట్టి ఉన్నాయి. సీలింగ్ చేయించేదే దాచడానికి.

పాలమూరు_మేస్త్రీ: ముప్పై ఏళ్లలో నేనెవరి స్లాబూ దాచలేదు. మాట సరిగ్గా రాయండి.

నల్లమల: గొడవెందుకు, రంగులేసి అమ్మెయ్యండి.

గజం_లెక్క: రంగులకూ డబ్బు ఆయనదే కదా! మా నాయన ఇంటికి నేను నాలుగు లక్షలు పెట్టాను. అమ్మినాక అన్నదమ్ములం సమానంగా పంచుకున్నాం, నా ఖర్చు ఎవరూ ఎత్తలేదు. కాగితం లేదు మరి. రామగిరి తమ్మీ, ఇల్లు ఎవరి పేరున ఉంది?

రామగిరి_వాసి: అమ్మ పేరున.

గజం_లెక్క: అయితే ఆ డబ్బు అమ్మకు అప్పుగా ఇచ్చినట్టు కాగితం రాసి, తమ్ముడితో సంతకం పెట్టించు. బిల్లులు అమ్మ పేరుతోనే తీసుకో. లాభం మీద పన్ను కట్టేటప్పుడు ఇంటిని మెరుగుపరిచిన ఖర్చు తీసేస్తారు. రంగులు, మామూలు రిపేర్లు అందులోకి రావు.

రామగిరి_వాసి: ఇంకొకటి చెప్పలేదు. వెనక గదిలో ఒక మూల కురుస్తుంది. తమ్ముడు సీలింగ్ అన్నది ఆ గదికే.

పాలమూరు_మేస్త్రీ: ఆ మూల పెచ్చులు కొట్టించి, చువ్వలు కనబడేట్టు ఫోటో పెట్టు. గ్రానైట్ సంగతి తర్వాత.