చలిదేశంలో అరటి: ఆకు కోసమా, గెల కోసమా?

పద్మజ, ఎడిసన్ (న్యూజెర్సీ):
ఇంటి దక్షిణపు గోడ పక్కన నాటిన అరటి వేసవిలో నా ఎత్తు దాటింది. నర్సరీ చీటీ మీద మూసా బస్జూ అని ఉంది. నిన్న రాత్రి మంచు పట్టి ఆకులన్నీ ఉడికించినట్టు నల్లబడ్డాయి. బోదె మాత్రం గట్టిగానే ఉంది. మొదలంటా నరకాలా, తవ్వి ఇంట్లో పెట్టాలా? వచ్చే ఏడాదికైనా గెల వేస్తుందా? పిల్లలు రోజూ అడుగుతున్నారు.

సుబ్బలక్ష్మి, రిచ్‌మండ్ (వర్జీనియా):
అమ్మా పద్మజా, తవ్వకు. బస్జూ దుంప చలికి మొండిది. మందంగా కప్పితే సున్నాకు 15 డిగ్రీల దిగువన కూడా బతుకుతుంది. నేను చలి కన్నా తడికే ఎక్కువ భయపడతాను. కోసిన బోదెలోకి శీతకాలపు నీరు దిగితే కుళ్లు దుంపదాకా పోతుంది. నల్లబడ్డ ఆకులు తీసెయ్యి, బోదెను నడుమెత్తున అడ్డంగా కొయ్యి. చుట్టూ ఇనుప వల నిలబెట్టి ఎండుటాకులు దట్టంగా కూరు. మీ వీధిలో ఇప్పుడు మేపుల్, ఓక్ ఆకులు సంచులకొద్దీ ఊరికే దొరుకుతాయి, తడిసినవి మాత్రం వద్దు. పైన టార్పాలిన్ కట్టు, పక్కల గాలి ఆడనివ్వు. ఏప్రిల్ చివర, మంచు భయం పోయాక విప్పి, మెత్తబడినంత మేర కోసుకుంటూ దిగు. గట్టి తెల్లని దొప్ప తగిలిందంటే అక్కడి నుంచే కొత్త ఆకు సుడి తిరిగి వస్తుంది.

గెల సంగతి వేరు. అరటి బోదె అసలు కాండం కాదు, ఒకదానిలో ఒకటి ఒదిగిన దొప్పలు. పువ్వు దుంపలో పుట్టి వాటి నడుమ నుంచి పైకి రావాలి. కోనసీమ వేడిలోనే గెల తొంగిచూడటానికి 8, 9 నెలలు, కాయ ముదరడానికి మరో 3 నెలలు పడుతుంది. 14 డిగ్రీల దిగువన పెరుగుదలే ఉండదు, మీకేమో వెచ్చని నెలలు మే నుంచి సెప్టెంబరు దాకానే. బోదె చలికి పోయిన ప్రతిసారీ లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. పైగా బస్జూ కాయ నిండా నల్లని గింజలే, తినలేం. దాన్ని ఆకు కోసం పెంచుకో. వినాయక చవితికి ఇంటిల్లిపాదికీ సరిపడా ఆకులిస్తుంది. ఆ పూట కాగితం పళ్లెంలో పులిహోర పెట్టడానికి నాకు మనసొప్పదు. నర్సరీలో మందులు కొట్టి ఉంటారు కనుక కొన్న ఏడాది మాత్రం ఆ ఆకుల్లో తినకండి.

రవికుమార్, షికాగో:
పద్మజ గారూ, పిల్లలకు గెలే కావాలంటే పెద్ద కుండీలో పొట్టి కావెండిష్ గానీ పొట్టి నామ్‌వా గానీ వేయండి. నామ్‌వా మన బొంత అరటి లాగే ఏబీబీ అనే జన్యు వర్గానికి చెందిన రకం, చలిని కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది. మంచు పడకముందే నేను నడిమి ఆకు ఉంచి మిగతావి కోసి, కుండీతో సహా నేలమాళిగలో పెట్టేస్తాను. 10 డిగ్రీల దగ్గర ఉంటే చాలు. మన్ను బాగా ఎండితేనే ఒక గ్లాసు నీళ్లు. బోదె బతికే ఉంటుంది కనుక వేసవిలో ఆగిన చోటి నుంచే పెరుగుతుంది.

పద్మజ:
వల ఈ సాయంత్రమే తెస్తున్నాను. సంక్రాంతికి రాజమండ్రి వెళ్తున్నాం. చక్కెరకేళి పిలక ఒకటి తెచ్చుకోవచ్చా అండీ?

సుబ్బలక్ష్మి:
వద్దమ్మా. అనుమతి పత్రాలు లేకుండా మొక్కలు తేవడం చట్టవిరుద్ధం. ఆకులు గుత్తిలా ముడుచుకుని చెట్టు గిడసబారే తెగులు తెచ్చే బంచీటాప్ వైరస్ ఉన్న పిలక కూడా మొదట్లో ఆరోగ్యంగానే కనిపించవచ్చు, పేనుబంక దాన్ని తోటంతా అంటిస్తుంది. అరటి మీద బతికే రైతుల కష్టం నేను కళ్లారా చూశాను కనుక గట్టిగానే చెబుతున్నాను. చక్కెరకేళి అక్కడే తృప్తిగా తిని రా. రవి గారు చెప్పిన రకాల టిష్యూ కల్చర్ మొక్కలు ఇక్కడే అమ్ముతారు. మే నెలలో తెప్పించుకో, అంతకు ముందైతే దారిలోనే చలికి దెబ్బతింటాయి.