‘యంత్రాశ్మకారం’: ఈ శ్లోకానికి అర్థం చెప్పగలరా?

గ్రూపులో పెద్దలకు నమస్కారం. మా తమ్ముడికి ఈ మధ్య బాబు పుట్టాడు, అమావాస్య ఘడియల్లో. జాతకం రాయించడానికి వెళ్తే అక్కడి ఆయన ‘రవిచంద్రులు కలిశారు. యంత్రాశ్మకారం, క్రూరం అని శాస్త్రం. రాతిగుండె మనిషి అవుతాడు’ అన్నారట. మా మరదలు అప్పటి నుంచి ఒకటే టెన్షన్. బాలింత, సరిగ్గా అన్నం కూడా తినడం లేదు. శ్లోకంలో నిజంగా అలాగే ఉందా? సంస్కృతం తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

జవాబు:

అమ్మా, ముందు మీ మరదలికి ఒక్క మాట చెప్పండి. ‘క్రూరం’ అనే పదం ఆ శ్లోకంలో ఉంది కానీ, అది రవిచంద్రుల కలయిక గురించి అన్న మాట కాదు. ఇది వరాహమిహిరుడి జ్యోతిష గ్రంథం బృహజ్జాతకంలో ద్విగ్రహయోగాల (రెండు గ్రహాలు ఒకే రాశిలో కలవడం) అధ్యాయం మొదటి శ్లోకం. పూర్తిగా ఇస్తున్నాను:

తిగ్మాంశుర్జనయత్యుషేశసహితో యంత్రాశ్మకారం నరం
భౌమేనాఘరతం బుధేన నిపుణం ధీకీర్తిసౌఖ్యాన్వితమ్ ।
క్రూరం వాక్పతినాన్యకార్యనిరతం శుక్రేణ రంగాయుధై-
ర్లబ్ధస్వం రవిజేన ధాతుకుశలం భాండప్రకారేషు వా ॥

నాలుగు పాదాలకూ కలిపి క్రియ ఒక్కటే, ‘జనయతి’. పుట్టిస్తాడు అని. ఎవరు? తిగ్మాంశుడు, వేడి కిరణాలవాడు, సూర్యుడు. ఎవరితో కలిస్తే ఎలాంటి మనిషిని పుట్టిస్తాడన్నదే శ్లోకం మొత్తం. ఇక తృతీయా విభక్తులు, అంటే ‘-తో’ అనే అర్థమిచ్చే రూపాలు, పట్టుకుంటే చాలు, దారి దొరుకుతుంది. భౌమేన, కుజుడితో. బుధేన, బుధుడితో. వాక్పతినా, గురువుతో. శుక్రేణ, శుక్రుడితో. రవిజేన, శనితో. ‘క్రూరం’ అన్నది ‘వాక్పతినా’ పక్కన ఉంది చూడండి. అంటే రవి, గురువు కలిస్తే క్రూరుడు, ఇతరుల పనుల్లో మునిగి ఉండేవాడు అని కవి మాట. దాన్ని తెచ్చి చంద్రుడికి తగిలించాలంటే మధ్యలో ఉన్న కుజుణ్ణీ బుధుణ్ణీ దాటి రావాలి. అన్వయం ఒప్పుకోదు.

చంద్రుడి వాటా మొదటి పాదంతో సరి. ‘ఉషేశ’ దగ్గర చాలామంది తడబడతారు. ఉష అంటే తెల్లవారుజాము కదా, దానికి ఈశుడు చంద్రుడు ఎలా అవుతాడని. ‘ఉషా’ శబ్దానికి రాత్రి అనే అర్థం కూడా ఉంది. అది తెలియకపోయినా శ్లోకమే చెప్పేస్తుంది: మిగిలిన అయిదు గ్రహాల పేర్లూ వరసగా వచ్చేశాయి, మిగిలింది చంద్రుడే. (అమరకోశం అనే సంస్కృత నిఘంటువులో ‘ఉషాపతి’ అంటే అనిరుద్ధుడు. ఉషాపరిణయం కథ తెలిసినవాళ్లకు ఆ ఉష వేరని చెప్పక్కర్లేదు.)

ఇక అసలు పదం. యంత్రాలు, అశ్మాలు, వాటిని చేసేవాడు యంత్రాశ్మకారుడు. అశ్మం అంటే రాయి. మూత్రపిండాల్లో రాళ్లను ఆయుర్వేదంలో ‘అశ్మరి’ అంటారు, అదే మాట. బోధన్ ప్రాంతాన్ని ఏలిన పాత అశ్మక జనపదం పేరులోనూ అదే వినిపిస్తుంది. చివర ఉన్న ‘కార’ను వదిలేసి చదవడం వల్లే ఈ చిక్కంతా వచ్చింది. కుంభకారుడు కుండలు చేసేవాడు, స్వర్ణకారుడు బంగారప్పని చేసేవాడు. కుంభకారుడి గుండె కుండలాంటిదని ఎవరూ అనరు కదా! అలాగే అశ్మకారుడు రాతిపని చేసేవాడు. మనసు ఊసే లేదిక్కడ.

యంత్రం అనగానే మనకు రాగిరేకు మీద గీసి ఇచ్చేదీ, మెడలో కట్టించుకునేదీ గుర్తొస్తాయి. ఆ అర్థం ఉన్న మాట నిజమే. కానీ పక్కనే రాయి ఉంది, చివరి పాదంలో లోహాల పనిలో నేర్పరి, రకరకాల పాత్రల పనిలో నేర్పరి అని ఉంది, శుక్రుడి దగ్గర రంగస్థలంతోనో ఆయుధాలతోనో డబ్బు గడించేవాడని ఉంది. ఇన్ని చేతిపనుల మధ్య యంత్రం అంటే పనిముట్టు, మరసాధనం అనుకోవడమే సబబు. ఈ కాలం మాటల్లో అయితే మెకానిక్, ఇంజినీరు, శిల్పి.

ఫలం జరుగుతుందా లేదా అన్నది నేను తేల్చేది కాదు. కానీ బాలింతకు చెప్పే మాట విషయంలో ఇంత నిర్లక్ష్యం నాకు బాధ కలిగించింది. శ్లోకాన్ని మధ్యలో తుంచి చెప్పడం తప్పు.

ఇంకొకరి ప్రశ్న: గురువుగారూ, నా జాతకంలో కూడా రవి, చంద్రుడు ఒకే రాశిలో ఉన్నారు. కానీ నేను పుట్టింది తదియ నాడని అమ్మ అంటుంది. రెండూ ఎలా కుదురుతాయి?

జవాబు:

కుదురుతాయి నాయనా. రాశి అంటే 30 డిగ్రీలు, తిథి అంటే రవిచంద్రుల మధ్య 12 డిగ్రీల దూరం. రవి మేషంలో 2వ డిగ్రీలో, చంద్రుడు మేషంలోనే 28లో ఉన్నారనుకో. మధ్య దూరం 26, అంటే శుద్ధ తదియ. ఆ సాయంత్రం పడమట నెలవంక కనిపిస్తుంది కూడా. దీనికి తిరగేసి, రవి వృషభంలో 1, చంద్రుడు మేషంలో 25 అయితే రాశులు వేరు, కానీ చంద్రుడు రవికి 6 డిగ్రీలే వెనక, కాబట్టి తిథి మాత్రం అమావాస్య. ‘దర్శః సూర్యేందుసంగమః’ అని అమరకోశం అమావాస్యకు ఇచ్చిన పర్యాయం ఆకాశంలో జరిగే అసలు కలయికను చెప్పేది. ద్విగ్రహయోగం లెక్క రాశిని బట్టి. రెంటినీ ఒకటే అనుకుని నిన్ను అమావాస్య జాతకుడని ఎవరైనా అంటే ఒప్పుకోకు.

మొదట అడిగినవారు: చాలా థాంక్స్ అండీ. శ్లోకం, మీ జవాబు రెండూ మరదలికి చదివి వినిపించాను. మా నాన్నగారు తాపీమేస్త్రీ. ‘తాత పనే వస్తుందన్నమాట’ అంది.